లైటు వెలుగుతోంది సరే, రికార్డవుతోందా?

విశాఖపట్నం నుంచి బదిలీ మీద కుమ్హారి శాఖకు వచ్చి మూడేళ్లు కావస్తోంది. ఛత్తీస్‌గఢ్‌లో రాయ్‌పూర్‌కూ భిలాయికీ నడుమ, 53వ నంబరు జాతీయ రహదారి మీద ఉన్న చిన్న పట్టణం ఇది. పిల్లల చదువుల కోసం కాపురం భిలాయిలో పెట్టాను. 1959 ఫిబ్రవరి 4న అప్పటి రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ ఇక్కడి ఉక్కు కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. ఆ కర్మాగారంలో పని కోసం శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు ఇక్కడ చాలా ఉన్నాయి. అందువల్ల పరాయి ఊళ్లో ఉన్నామన్న బెంగ మాకు పెద్దగా లేదు.

రోజూ పొద్దున్నే కారులో భిలాయి-3, చరోదా మీదుగా కుమ్హారి వెళ్లి, చీకటి పడ్డాక తిరిగి వస్తాను. లారీలు, ట్రెయిలర్లు, వాటి సందుల్లోంచి దూరిపోయే మోటారు సైకిళ్లతో ఆ రోడ్డు ఎప్పుడూ రద్దీగానే ఉంటుంది. ఏదైనా జరిగితే సాక్ష్యం ఉంటుందని రెండేళ్ల క్రితం కారు ముందు అద్దానికి ఒకటి, వెనక ఒకటి కెమెరాలు పెట్టించాను. దీన్నే డాష్‌క్యామ్ అంటున్నారు. ఆన్‌లైన్లో చవగ్గా దొరికిన 128 జీబీ మెమొరీ కార్డు అందులో వేశాను. అద్దం దగ్గర ఎర్ర లైటు మిణుకుమిణుకుమంటూ ఉండేది. రికార్డవుతోందనే ధీమాతో రెండేళ్లపాటు ఒక్కసారి కూడా తీసి చూడలేదు.

ఆ అయిదు నిమిషాలు

కిందటి డిసెంబరులో ఒక సాయంత్రం, కుమ్హారి దాటి సర్వీసు రోడ్డు మీద నెమ్మదిగా వెళ్తున్నాను. నా ఎడమ పక్కన స్కూటీ మీద వెళ్తున్న ఒక పెద్దాయన ఉన్నట్టుండి పడిపోయారు. కారు ఆపి పరుగెత్తాను. కుడి మణికట్టు పట్టుకుని కూర్చున్నారు. నేను ఫోన్లో ఇంటికి తెలుగులో చెప్పడం విని, ఆయనా తెలుగులోనే అన్నారు.

"నీ బండే తగిలినట్టుంది బాబూ."

"లేదండీ, తగిలితే నాకు తెలిసేది కదా."

"అబద్ధం నాకెందుకు చెప్పు?"

ఆయన ఉక్కు కర్మాగారంలో పనిచేసి రిటైరయ్యారు. సొంత ఊరు పలాస దగ్గర. అబద్ధం ఆడే మనిషిలా కనిపించలేదు. నేనూ అబద్ధం ఆడటం లేదు. ఆసుపత్రికి తీసుకెళ్లాను, పోలీసులకు చెప్పాను, మణికట్టు విరిగిందని తేలింది. ఈలోగా వాళ్లబ్బాయి వచ్చాడు. అతనితో నేను ధైర్యంగా చెప్పిన మాట ఇది: "కారులో కెమెరా ఉంది బాబూ. అందులో ఎలా ఉంటే అలా. తప్పు నాదైతే ఒప్పుకుంటాను."

ఆ రాత్రే అతని ఎదుట కార్డు తీసి ల్యాప్‌టాప్‌లో పెట్టాను. 6:41కి మొదలైన ఫైలు 6:44కి ముగిసింది. ఆ తర్వాతి ఫైలు 6:49కి మొదలైంది. పెద్దాయన పడింది 6:46 ప్రాంతంలో. ఆ అయిదు నిమిషాలు కార్డులో ఎక్కడా లేవు.

ఆ అబ్బాయి అరిచి గొడవ చేయలేదు. ఒకే ఒక్క మాట అన్నాడు: "మీ బ్యాంకులో సీసీటీవీ కూడా ఇలాగే ఉంటుందా సార్?"

ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో నన్ను అంతగా తలదించుకునేలా చేసిన మాట ఇంకొకటి లేదు. కట్టు ఖర్చూ మందుల ఖర్చూ నేనే పెట్టుకున్నాను. కానీ నేనే ఆ వీడియో చెరిపేశానేమో అన్న అనుమానాన్ని డబ్బుతో తీర్చలేను కదా. అందుకే అసలు ఏం జరిగిందో తేల్చుకోవాలని కూర్చున్నాను. అప్పుడు నేర్చుకున్నదే ఈ వ్యాసం. మనలో చాలామంది కార్లలో ఇప్పుడు ఈ కెమెరాలున్నాయి. మనం వాహన రుణాలిచ్చే టాక్సీ యజమానులూ పెట్టించుకుంటున్నారు. కాబట్టి అందరికీ పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు జబ్బేమిటో తెలుసుకోవాలి

రికార్డింగ్ మధ్యలో పోవడానికి ముఖ్యంగా నాలుగు కారణాలుంటాయి. వాటి లక్షణాలు వేరువేరుగా కనిపిస్తాయి.

మొదటిది కరెంటు. లైటర్ సాకెట్లో పెట్టిన చార్జరు వదులుగా ఉంటే గతుకుల దగ్గర కెమెరా ఆగి మళ్లీ మొదలవుతుంది. అప్పుడు చివరి ఫైలు సగంలో తెగిపోయి, తెరిస్తే తెరుచుకోదు. కొన్నిసార్లు కెమెరాలో తేదీ, సమయం కూడా మొదటికి వచ్చేస్తాయి. నా కార్డులో చివరి ఫైలు సరిగ్గా మూడు నిమిషాలకు చక్కగా ముగిసింది. గడియారమూ సరిగ్గానే ఉంది. అంటే కరెంటు కాదు.

రెండోది తాళం పడిన ఫైళ్లు. కెమెరాలో కుదుపును పసిగట్టే జీ-సెన్సర్ ఉంటుంది. కారుకు దెబ్బ తగిలితే ఆ ఫైలును చెరిపేయకుండా తాళం వేసి పక్కన పెడుతుంది. మంచి ఏర్పాటే. కానీ దాని సున్నితత్వం ఎక్కువగా పెడితే ప్రతి స్పీడ్‌బ్రేకరూ దానికి ప్రమాదంలాగే కనిపిస్తుంది. నా కార్డులో అలా తాళం పడిన ఫైళ్లు నూటికి పైగా ఉన్నాయి. 80 జీబీ వాటికే పోయింది. కొన్ని కెమెరాలు వీటికి ఒక పరిమితి పెడతాయి. నాది పెట్టలేదు.

మూడోది నకిలీ కార్డు. పైన 128 జీబీ అని ఉంటుంది, కంప్యూటర్లో పెట్టినా 128 అనే చూపిస్తుంది. లోపల ఉండేది మాత్రం 16 జీబీయో, 32 జీబీయో. ఆ హద్దు దాటాక రాసినదంతా గాలికి పోతుంది.

నాలుగోది కార్డు వేగం. కెమెరా పంపే వీడియోను కార్డు సమయానికి రాసుకోలేకపోతే కెమెరా కాసేపు ఎదురు చూస్తుంది. దానిలోని తాత్కాలిక జ్ఞాపకం చాలా చిన్నది. అది నిండగానే రికార్డింగ్ ఆపేస్తుంది. చాలా కెమెరాలు అప్పుడు తెర మీద 'కార్డు వేగం తక్కువ' అని చూపించి ఒక బీప్ ఇస్తాయి. నా కెమెరా కూడా ఇచ్చే ఉంటుంది. చిరాగ్గా ఉందని కొన్న వారంలోనే ఆ శబ్దాన్ని ఆపేసింది నేనే. తెర కూడా ఒక నిమిషానికి ఆరిపోయేలా పెట్టుకున్నాను.

ఉన్న రెండు రోజుల ఫైళ్లను వరసగా చూస్తే, ఆ అయిదు నిమిషాలే కాకుండా ఇంకా ఆరు చోట్ల ఇలాంటి ఖాళీలున్నాయి. ఆ జాబితాను వాళ్లబ్బాయికి కూడా పంపాను.

బిట్లు వేరు, బైట్లు వేరు

కెమెరా కొలత మెగాబిట్లలో, కార్డు కొలత మెగాబైట్లలో ఉంటుంది. ఎనిమిది బిట్లయితే ఒక బైటు. ఈ రెంటినీ కలిపేస్తే పైసలనూ రూపాయలనూ ఒకే గడిలో కూడినట్టే.

నా కెమెరా లెక్క చూడండి. ముందుది సెకనుకు 20 మెగాబిట్లు, వెనకది 12. మొత్తం 32. ఎనిమిదితో భాగిస్తే సెకనుకు 4 మెగాబైట్లు. నిమిషానికి 240 ఎంబీ, గంటకు 14.4 జీబీ. 128 జీబీ కార్డులో దాదాపు తొమ్మిది గంటల వీడియో పట్టాలి. ఆ తర్వాత పాతది చెరిపి దాని మీదే కొత్తది రాస్తూ పోతుంది. తాళం ఫైళ్లు 80 జీబీ తినేయడంతో నాకు మిగిలింది మూడు గంటల చోటే.

ఇక కార్డు మీది గుర్తులు. ఎస్‌డీ కార్డుల ప్రమాణాలను 2000లో ఏర్పడిన ఎస్‌డీ అసోసియేషన్ అనే సంస్థ నిర్ణయిస్తుంది. కార్డు మీద గుండ్రటి గీతలో 10 అని ఉంటే, సెకనుకు కనీసం 10 ఎంబీ రాయగలదని అర్థం. ఇంగ్లిషు 'యూ' అక్షరంలో 1 ఉంటే అదీ 10 ఎంబీయే, 3 ఉంటే 30 ఎంబీ. 'వీ' పక్కన ఉండే 10, 30, 60, 90 అంకెలు వీడియో కోసం పెట్టినవి. అంకె ఎంతో, కనీస వేగం అన్ని ఎంబీలు. ప్యాకెట్ మీద పెద్ద అక్షరాలతో కనిపించే 100, 150 వంటి అంకెలు ఎక్కువగా చదివే వేగానివి, అదీ గరిష్ఠ వేగం. మన కెమెరాకు కావలసింది రాసే వేగం, అందులోనూ కనీస వేగం.

ఇక్కడే నాకు చిక్కుముడి పడింది. నా కార్డు మీద 10 అని ఉంది. కెమెరాకు కావలసింది 4 మాత్రమే. అలాంటప్పుడు ఎందుకు చాలలేదు?

సగటు నిల్వ బాగానే ఉంది, చెక్కు వాపసు వచ్చింది

కార్డులోని ఫైళ్లన్నీ ల్యాప్‌టాప్‌లోకి కాపీ చేసుకుని, హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రాంతో పరీక్షించాను. అది కార్డు నిండా రాసి, తిరిగి చదివి సరిచూస్తుంది. లినక్స్, మ్యాక్ వాడేవారికి ఎఫ్3 అనే ప్రోగ్రాం ఉంది. రాయడానికే నాలుగు గంటలు పట్టింది. కార్డు నకిలీ కాదు, 128 జీబీ నిజంగానే ఉంది. సగటు వేగం సెకనుకు 9 ఎంబీ. కావలసిన దానికి రెట్టింపు పైనే.

కానీ పక్కనే కూర్చుని చూస్తే ఒక సంగతి కనిపించింది. కాసేపు చురుగ్గా నడుస్తుంది, ఉన్నట్టుండి రెండు మూడు సెకన్లు బిగుసుకుపోతుంది, మళ్లీ కదులుతుంది. సగటులో అది కనిపించదు. మన కరెంటు ఖాతాల సంగతి గుర్తు చేసుకోండి. మూడు నెలల సగటు నిల్వ బ్రహ్మాండంగా ఉంటుంది. చెక్కు వచ్చిన రోజున మాత్రం ఖాతాలో డబ్బుండదు. చెక్కు వాపసు పోతుంది. సగటు చూపించి దాన్ని ఆపలేం. కెమెరా ప్రతి సెకనూ ఒక చెక్కు పంపుతోంది. ఏ సెకనులో కార్డు చేతులెత్తేస్తే ఆ సెకనులో రికార్డు లేనట్టే.

కార్డు ఎందుకు బిగుసుకుపోతుందంటే, ఫ్లాష్ మెమొరీలో రాయడం చిన్న చిన్న పేజీలుగా జరుగుతుంది, చెరపడం మాత్రం పెద్ద బ్లాకులుగానే కుదురుతుంది. ఒక బ్లాకులో కొంత ఉంచవలసింది, కొంత చెరపవలసింది ఉంటే, ఉంచవలసిన దాన్ని ముందు వేరే చోటికి మార్చి, ఆ తర్వాత బ్లాకు మొత్తం చెరపాలి. కార్డు నిండుగా ఉండి, తాళం ఫైళ్లు అక్కడక్కడా చెల్లాచెదురుగా ఉంటే ఈ సర్దుబాటు పని పెరిగిపోతుంది. కార్డు మీద రాసిన కనీస వేగం, ఖాళీ చోట వరసగా రాసినప్పుడు వర్తించేది. ముక్కలు ముక్కలుగా మిగిలిన సందుల్లో రాసేటప్పుడు ఆ హామీ వర్తించదు. దీనికి తోడు కార్డు వాడే కొద్దీ అరుగుతుంది.

అరుగుదలకూ ఒక లెక్క ఉంది. నాలాగా రోజుకు గంటన్నర తిరిగే కారులో ఏడాదికి మూడు వందల రోజులనుకుంటే, 128 జీబీ కార్డు మొత్తాన్ని ఏటా యాభై సార్లు తిరగరాసినట్టు. అది పెద్ద భారం కాదు. కానీ ఇదే కెమెరాను రోజుకు పన్నెండు గంటలు తిరిగే టాక్సీలో 32 జీబీ కార్డుతో పెట్టండి. రోజుకు 173 జీబీ, అంటే కార్డు రోజుకు అయిదు సార్లకు పైగా నిండుతుంది. ఏడాదికి రెండు వేల సార్లు. మామూలు కార్డు అంత తట్టుకోవడం కష్టం. అదే టాక్సీలో 128 జీబీ కార్డు వేస్తే ఏడాదికి అయిదు వందల సార్లే. పెద్ద కార్డు ఎక్కువ వీడియో దాస్తుంది, ఎక్కువ కాలం కూడా నిలుస్తుంది.

నేను చేసిన మరమ్మతు

మొదట కార్డును కెమెరాలోనే ఫార్మాట్ చేశాను. కంప్యూటర్లో చేసినదానికంటే ఇదే మేలు, ఎందుకంటే కెమెరా తనకు కావలసిన పద్ధతిలో కార్డును సిద్ధం చేసుకుంటుంది. 32 జీబీ దాకా కార్డులకు ఫ్యాట్32, అంతకు పైబడిన వాటికి ఎక్స్‌ఫ్యాట్ అనే అమరిక ప్రమాణం. కానీ కొన్ని కెమెరాలు పెద్ద కార్డును కూడా ఫ్యాట్32లోనే కోరుకుంటాయి. ఆ గొడవంతా కెమెరాకే వదిలేయడం మంచిది. కార్డును కెమెరా అసలు గుర్తించకపోతే, ఎస్‌డీ అసోసియేషన్ ఉచితంగా ఇచ్చే ఫార్మాటర్‌తో కంప్యూటర్లో చేసి, మళ్లీ కెమెరాలో ఇంకోసారి చేయాలి. ఫార్మాట్ చేస్తే తాళం ఫైళ్లు కూడా పోతాయి. కావలసినవి ముందే కాపీ చేసుకోవాలి.

తర్వాత జీ-సెన్సర్‌ను 'తక్కువ'కు మార్చాను. ఒక్కో ఫైలు నిడివిని మూడు నిమిషాల నుంచి ఒక నిమిషానికి తగ్గించాను. ఒక ఫైలు పాడైనా పోయేది నిమిషమే. ఆపేసిన బీప్‌ను మళ్లీ పెట్టాను.

మూడు వారాలు ఒక్క ఖాళీ లేకుండా నడిచింది. నాలుగో వారంలో కారులో వెళ్తుండగా బీప్ వినిపించింది. ఫార్మాట్‌తో కుదిరింది తాత్కాలికమే, కార్డే నాసిరకమని అప్పుడు తేలింది. దాన్ని పక్కన పడేసి, షాపుకు వెళ్లి బిల్లు తీసుకుని 'హై ఎండ్యూరెన్స్' అని రాసి ఉన్న కార్డు కొన్నాను. రాత్రీ పగలూ తిరగరాసే కెమెరాల కోసమే చేసిన రకం ఇది. దాని మీద వీ30 గుర్తు కూడా ఉంది. ఈ రెండూ వేరువేరు సంగతులని గమనించండి. వీ30 అంటే వేగం, ఎండ్యూరెన్స్ అంటే మన్నిక. మామూలు కార్డుల వారంటీ షరతుల్లో, ఆగకుండా రికార్డు చేసే డాష్‌క్యామ్ వాడకానికి వారంటీ వర్తించదని రాసి ఉండటం మామూలే. సంతకం పెట్టే ముందు షరతులు చదవమని ఖాతాదారులకు చెప్పే మనం కార్డు కొనేటప్పుడు కూడా చదవాలి. కెమెరా ఎంత పెద్ద కార్డు తీసుకుంటుందో దాని పుస్తకంలో చూసుకుని మరీ కొనాలి.

పరీక్షించేటప్పుడు ఒక జాగ్రత్త. పాత యూఎస్‌బీ 2.0 కార్డు రీడరులో ఎంత మంచి కార్డైనా సెకనుకు 30, 35 ఎంబీ దాటదు. తప్పు రీడరుదైతే కార్డును నిందించి లాభం లేదు.

ఇంకొకటి ఎండ. మే నెలలో ఇక్కడ 43, 44 డిగ్రీలు మామూలు. ఎండలో నిలిపిన కారు లోపల అంతకంటే చాలా ఎక్కువ ఉంటుంది. కార్డులు సాధారణంగా 85 డిగ్రీల దాకా పనిచేసేలా తయారవుతాయి కానీ, ఆ వేడిలో కెమెరాలోని లిథియం బ్యాటరీ ఉబ్బిపోవచ్చు. బ్యాటరీకి బదులు కెపాసిటర్ ఉన్న కెమెరాలు మన వాతావరణానికి నయం.

ప్రమాదం జరిగితే

ముందు మనిషిని చూడాలి. ఆ తర్వాత కెమెరా మీది తాళం బటన్ నొక్కి, దాన్ని సరిగ్గా ఆపి, కార్డు తీసేయాలి. కెమెరా అలాగే నడుస్తూ ఉంటే కాసేపటికి ఆ ఫైలు మీద కొత్తది రాసేయవచ్చు. కార్డును అలాగే భద్రపరచి, కాపీని మాత్రమే చూడాలి, పంపాలి. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలో 63వ సెక్షన్ ఎలక్ట్రానిక్ రికార్డుల గురించి చెబుతుంది. పాత చట్టంలో 65బి సెక్షన్ స్థానంలో వచ్చిందిది. కోర్టుకు ఇచ్చే ధ్రువపత్రంలో ఆ ఫైలు హ్యాష్ విలువ, అంటే దాని వేలిముద్ర లాంటి సంఖ్య, రాయాలి. వాట్సాప్‌లో వీడియోగా పంపితే ఫైలు కుదించుకుపోయి ఆ సంఖ్య మారిపోతుంది.

లాకర్ల విషయంలో 2021 ఆగస్టులో రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన మార్గదర్శకాలు మనకు తెలుసు. స్ట్రాంగ్ రూమ్ రాకపోకల సీసీటీవీ రికార్డును కనీసం 180 రోజులు ఉంచాలి. కెమెరా ఉండటం ఒక్కటే చాలదు, రికార్డు ఉండాలి, అడిగినప్పుడు తెరుచుకోవాలి. శాఖలో ఈ సంగతి తెలిసిన నేను సొంత కారులో మాత్రం ఎర్ర లైటును చూసి సరిపెట్టుకున్నాను.

ఆ అబ్బాయి మాట విన్న మర్నాడే శాఖలో డీవీఆర్ తెరిచి, మూడు వేర్వేరు తేదీలు ఎంచుకుని వెనక్కి తిప్పి చూశాను. అన్నీ సక్రమంగానే ఉన్నాయి. ఇప్పుడది నెలవారీ అలవాటైంది. ఆ రోజే కారు కార్డునూ చూస్తాను. జీతం పడిన రోజని పెట్టుకుంటే మరచిపోం. చేయవలసినవి ఇవే:

1. కిందటి రెండు రోజుల ఫైళ్ల సమయాలు వరసగా ఉన్నాయా, మధ్యలో ఖాళీలున్నాయా చూడాలి.
2. ఏవైనా రెండు ఫైళ్లు, ఒకటి పగటిది, ఒకటి రాత్రిది, చివరిదాకా నడిపి చూడాలి.
3. తాళం ఫైళ్లు ఎంత చోటు తింటున్నాయో చూసి, కావలసినవి దాచుకోవాలి.
4. తేదీ, సమయం సరిచూడాలి.
5. కార్డును కెమెరాలోనే ఫార్మాట్ చేయాలి. బయల్దేరాక రికార్డింగ్ మొదలైందో లేదో చూసుకోవాలి.

మొత్తం పది నిమిషాల పని.

పెద్దాయన ఈ మధ్య లైఫ్ సర్టిఫికెట్ పని మీద మా శాఖకు వచ్చారు. చెయ్యి అతుక్కుంది కానీ బరువులు ఎత్తలేకపోతున్నారట. వేలిముద్ర యంత్రం మీద ఎడమ చేతి బొటనవేలు పెట్టారు. వెళ్లేటప్పుడు నా గదిలోకి వచ్చి, "ఆ రోజు నీ బండి తగల్లేదేమోలే బాబూ, నాకే సరిగ్గా గుర్తులేదు" అన్నారు.

ఆయన మంచితనం కొద్దీ అన్నారు. తగిలిందో లేదో ఆయనకూ ఇక తెలియదు, నాకూ తెలియదు. తెలిసే దారి ఒకటుండేది. దాన్ని రెండేళ్లపాటు నేను ఒక్కసారీ సరిచూడలేదు. ఈ నెల జీతం పడిన రోజున మీ కారులోని కార్డు ఒకసారి తీసి చూడండి.